గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? డెస్క్‌టాప్‌లో నెట్ పోర్ట్ మొరాయిస్తే...

హాస్టల్ గదిలో డెస్క్‌టాప్ పెట్టుకున్న ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సంగతే ఇది. రాత్రి పడుకునే దాకా బాగానే నడిచిన నెట్ పొద్దున లేచేసరికి ఉండదు. కేబుల్ పీకి మళ్ళీ పెడితే పది నిమిషాలు వస్తుంది, మళ్ళీ పోతుంది. వైఫై లేని పాత డెస్క్‌టాప్ అయితే ఇక చెప్పక్కర్లేదు. అసైన్‌మెంట్ అప్‌లోడ్‌కి ఆఖరి రోజు కూడా సరిగ్గా ఆ రోజే అవుతుంది, అదేం విచిత్రమో!

ఇలాంటప్పుడు మనవాళ్ళు ఎక్కువగా చేసేవి రెండే పనులు. ఒకటి, విండోస్ ఫార్మాట్ కొట్టేయడం. రెండు, సీపీయూ డబ్బాని ఆటోలో వేసుకుని షాపుకి వెళ్ళడం. "నెట్ పోర్ట్ బోర్డులోనే ఉంటుంది కదా తమ్ముడూ, బోర్డు మార్చాల్సిందే" అని అక్కడ ఎవరో అంటారు. పాత ప్రాసెసర్‌కి సరిపోయే బోర్డు ఇప్పుడు కొత్తది దొరకదు. కొత్త బోర్డు కొంటే ప్రాసెసర్ సాకెట్ కలవదు, ర్యామ్ కలవదు. చూస్తూ చూస్తూ నెట్ పోర్ట్ కోసం మొదలైన ఖర్చు కొత్త కంప్యూటర్ దాకా పోతుంది. ఆ డబ్బు నాన్న జేబులోంచి రావాలి.

నిజానికి "ఇన్‌బిల్ట్" అనే మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. బోర్డులో కలిసి ఉంది కాబట్టి అది పోతే బోర్డు పోయినట్టే అనుకుంటాం. అది బోర్డు మీద అతికించిన ఓ చిన్న చిప్, దాని పక్కన ఓ సాకెట్, అంతే. అది పోయినా మిగతా బోర్డు చక్కగా పనిచేయొచ్చు. అసలు అది పోయిందో లేదో తేల్చుకోవడమే మన పని. దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఇంకో కేబుల్, ఒక పెన్‌డ్రైవ్, ఒక ఫోన్, ఒక కాగితం, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఒకే ఒక్క నియమం గుర్తు పెట్టుకోండి: ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టండి, ఒకసారికి ఒకటే మార్చండి, ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి. కేబులూ డ్రైవరూ రెండూ ఒకేసారి మార్చి, నెట్ వచ్చాక "దేనివల్ల వచ్చింది?" అంటే చెప్పలేం. వారం తర్వాత మళ్ళీ పోతే కథ మొదటికొస్తుంది.

పోర్ట్ వెనక ఏముంది?

కేబుల్ దూర్చే ఆ చదరపు రంధ్రాన్ని ఆర్‌జే45 సాకెట్ అంటాం. దాని లోపలో, పక్కనో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఫస్ట్ ఇయర్ బేసిక్ ఎలక్ట్రికల్‌లో చదివిన ట్రాన్స్‌ఫార్మరే, కాకపోతే బియ్యపు గింజంత కాయిల్స్‌తో. కేబుల్‌కీ చిప్‌కీ మధ్య నేరుగా తీగ సంబంధం లేకుండా, అయస్కాంత క్షేత్రం ద్వారానే సిగ్నల్ దాటుతుంది. దాని వెనక నెట్‌వర్క్ చిప్. అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది. ఆ పైన డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్. దాని పైన విండోస్ చూసుకునే ఐపీ అడ్రస్ వ్యవహారం.

అంటే స్విచ్, కేబుల్, సాకెట్, చిప్, డ్రైవర్, ఐపీ. ఈ గొలుసులో ఏ లింకు తెగినా మనకి తెర మీద కనిపించేది ఒక్కటే: "నో ఇంటర్నెట్". జ్వరం వచ్చిందని మాత్రమే తెలిసింది, దేనివల్ల వచ్చిందో ఇంకా తెలీదు.

ముందు దీపాలు చూడండి

క్యాబినెట్ వెనక్కి వెళ్ళి సాకెట్ దగ్గర చూడండి. సాధారణంగా రెండు చిన్న దీపాలుంటాయి. ఒకటి అవతలి స్విచ్‌తో లింకు కుదిరిందని చెప్పేది, ఇంకోటి డేటా వెళ్తున్నప్పుడు మినుకుమినుకుమనేది. రెండూ ఆరిపోయి ఉంటే విండోస్‌లో ఏం గెలికినా అప్పటికి లాభం లేదు. ముందు కేబుల్ సంగతి చూడాలి.

పక్క గదిలో బాగా పనిచేస్తున్న కేబుల్ తెచ్చి పెట్టండి. తర్వాత మీ కేబుల్‌ని పక్క గది డెస్క్‌టాప్‌కి పెట్టండి. రెండు వైపులా పరీక్షించాలి, ఒక వైపు చూసి తీర్పు చెప్పొద్దు. గోడలో ఉన్న పాయింటో, స్విచ్‌లో మీ పోర్టో పోయి ఉండొచ్చు కాబట్టి అదీ మార్చి చూడండి. ప్లగ్ మీద ఉండే ప్లాస్టిక్ క్లిప్ విరిగిందేమో గమనించండి. అది విరిగితే ప్లగ్ చూడ్డానికి లోపలే ఉంటుంది కానీ, టేబుల్ కదిలినప్పుడల్లా లింకు తెగుతుంది. సాకెట్లోకి ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఎనిమిది బంగారు రంగు తీగలు వరసగా కనిపించాలి. ఒకటి వంగినా, పచ్చగా చిలుము పట్టినా అదే మీ దొంగ.

ఇక్కడే ఒక మంచి ఆనవాలు ఉంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ దగ్గర "లింక్ స్పీడ్" చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 అని ఉంటే కేబుల్‌ని అనుమానించండి. ఎందుకంటే సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో రెండు జతలు చాలు. 1000 మెగాబిట్లకి నాలుగు జతలూ కావాలి. ఒక జత తెగితే కంప్యూటర్ చాలాసార్లు నోరెత్తకుండా 100కి దిగిపోతుంది. అవతలి స్విచ్చే 100 మెగాబిట్లది అయితే మాత్రం అది మామూలే. అందుకని పక్క గదివాళ్ళ స్పీడ్ ఎంతో కూడా చూడండి.

దీపం వెలుగుతోంది, నెట్ లేదు

అప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టండి. మీ ఐపీ అడ్రస్ 169.254 తో మొదలైతే, రూటర్ దగ్గర్నుంచి అడ్రస్ అందలేదని అర్థం. విండోస్ తనంతట తాను ఓ అడ్రస్ పెట్టుకుని కూర్చుంది. ఈ ఒక్క ముక్కతో చిప్ పోయిందని చెప్పలేం. రూటర్ తప్పు కావచ్చు, కేబుల్ తప్పు కావచ్చు, కాలేజీ నెట్‌వర్క్ మిమ్మల్ని అనుమతించకపోయి ఉండొచ్చు.

సరైన అడ్రస్ ఉంటే వరసగా పింగ్ చేసి చూడండి. ముందు గేట్‌వే, అంటే మీ రూటర్ అడ్రస్. తర్వాత 8.8.8.8. ఆ తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరు. గేట్‌వే పలికి 8.8.8.8 పలక్కపోతే తప్పు రూటర్ అవతల ఉంది, మీ డబ్బాని వదిలేయండి. 8.8.8.8 పలికి పేరు పలక్కపోతే అది పేర్లని అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్ గొడవ కావచ్చు. రెండిట్లోనూ మీ పోర్ట్ నిర్దోషి.

చాలామంది 127.0.0.1 ని పింగ్ చేసి "జవాబు వచ్చింది, కార్డ్ బాగానే ఉంది" అంటారు. అది పొరపాటు. ఆ అడ్రస్‌కి వెళ్ళే ప్యాకెట్ అసలు కార్డ్ దాకా పోదు, విండోస్ లోపలే తిరిగి వచ్చేస్తుంది. కార్డు పీకి పక్కన పెట్టినా ఆ పింగ్ పలుకుతుంది.

మధ్యమధ్యలో తెగిపోయే రకం అయితే గేట్‌వేకి ఆగకుండా పింగ్ పెట్టి, పక్కన మీ పని చేసుకోండి. తెగినప్పుడు వెనక దీపం కూడా ఆరిందా, లేక వెలుగుతూనే ఉందా చూసి, టైముతో సహా రాసుకోండి. ఈవెంట్ వ్యూయర్లో సిస్టమ్ లాగ్ తెరిస్తే, లింకు తెగిన సమయాలు చాలా డ్రైవర్లు అక్కడ నమోదు చేస్తాయి. మీ కాగితం, ఆ లాగ్ పక్కపక్కన పెట్టుకుంటే సగం కేసు తేలిపోతుంది.

డివైస్ మేనేజర్ చెప్పే కబుర్లు

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌కి వెళ్ళండి. నెట్‌వర్క్ అడాప్టర్ల కింద మీ కార్డు పరిస్థితి నాలుగు రకాలుగా ఉండొచ్చు.

మొదటిది: పేరు మామూలుగా, ఏ గుర్తూ లేకుండా ఉంటుంది. అంటే విండోస్‌కీ చిప్‌కీ మాటలు నడుస్తున్నాయి. రెండోది: కిందికి చూపే బాణం గుర్తు. అంటే ఎవరో డిజేబుల్ చేశారు, ఎనేబుల్ కొడితే సరి. మూడోది: పసుపు గుర్తు. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే కోడ్ కనిపిస్తుంది. 28 అంటే డ్రైవర్ లేదు. 10 అంటే పరికరం మొదలవ్వలేకపోయింది. 43 అంటే తనలో ఏదో లోపం ఉందని పరికరమే చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. ఈ 10, 43 చూడగానే చిప్ పోయిందని ఏడవక్కర్లేదు. చెడిపోయిన డ్రైవర్ వల్ల కూడా అవి వస్తాయి. నాలుగోది: అసలు పేరే లేదు. ఇది కాస్త ఆలోచించాల్సిన విషయం, దీని సంగతి బయాస్ దగ్గర చూద్దాం.

డ్రైవర్ మార్చాలంటే ముందు చిప్ ఎవరిదో తెలియాలి. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్ళి హార్డ్‌వేర్ ఐడీ చూడండి. తయారీదారు సంఖ్య 10ఈసీ అయితే రియల్‌టెక్. 8086 అయితే ఇంటెల్. అవును, మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో మనల్ని ఏడిపించిన ఆ 8086 నే! 1978లో వచ్చిన ఆ ప్రాసెసర్ నంబరునే ఇంటెల్ తన గుర్తింపు సంఖ్యగా పెట్టుకుంది.

"నెట్టే లేదు, డ్రైవర్ ఎలా డౌన్‌లోడ్ చేసేది?" అని అడగొచ్చు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, ఫోనే నెట్ కార్డులా పనిచేస్తుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. టెథరింగ్‌తో నెట్ చక్కగా వస్తే విండోస్ నెట్‌వర్కింగ్ భాగం దాదాపు బాగానే ఉన్నట్టు, అనుమానం పోర్ట్ వైపుకి జరుగుతుంది. డ్రైవర్‌ని మీ మదర్‌బోర్డు కంపెనీ వెబ్‌సైట్ నుంచే, మోడల్ నంబర్ చూసి తీసుకోండి. మోడల్ తెలియకపోతే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బేస్‌బోర్డ్ అని ఉన్నచోట కనిపిస్తుంది. "ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ" అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే గొడవ మొదలైతే, అదే ప్రాపర్టీస్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కి పాతదానికి వెళ్ళి చూడండి.

పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబ్ ఉంటే అందులో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కి అనుమతి ఇచ్చే టిక్ ఉంటుంది. దాన్ని తీసేయండి. స్లీప్ నుంచి లేచాక నెట్ రాని కేసులు కొన్ని ఇక్కడితోనే తేలిపోతాయి.

షట్‌డౌన్ చేసినా నిద్రపోని చిప్

ఇది చాలామందికి తెలియని సంగతి. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా, గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి అందుతూనే ఉంటుంది. నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌ని లేపే సదుపాయం కోసం నెట్ చిప్ ఆ కరెంటు మీద మెలకువగా ఉండగలదు. అందుకే ఆపేసిన డెస్క్‌టాప్ వెనక కూడా ఒక్కోసారి దీపం వెలుగుతుంటుంది. దానికి తోడు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ అప్పుడు కెర్నల్‌ని డిస్క్‌లో దాచి మళ్ళీ అదే తెరుస్తుంది. కాబట్టి బుర్ర తిరిగిన చిప్ మూడుసార్లు షట్‌డౌన్ చేసినా అలాగే ఉండొచ్చు.

మందు సులువే. షట్‌డౌన్ చేయండి. గోడ స్విచ్ ఆపి పవర్ కేబుల్ పీకండి, నెట్ కేబుల్ కూడా తీసేయండి. పవర్ బటన్‌ని 15, 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. రెండు నిమిషాలు ఆగి అన్నీ మళ్ళీ పెట్టండి. డివైస్ మేనేజర్లోంచి మాయమైన కార్డులు ఇంతమాత్రానికే తిరిగొచ్చిన సందర్భాలున్నాయి.

బయాస్, ఆ తర్వాత లైనక్స్ కోర్టు

కార్డు పేరే కనిపించకపోతే, కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయాస్‌లోకి వెళ్ళండి. ఆన్‌బోర్డ్ లాన్ కంట్రోలర్ అనే సెట్టింగ్ డిజేబుల్ అయి ఉందేమో చూడండి. ఎనేబుల్ చేసి సేవ్ చేయండి. ముందే ఎనేబుల్ అయి ఉంటే ఇంకేదీ ముట్టుకోకుండా బయటికి రండి.

ఇంకా తేలకపోతే తుది తీర్పు కోసం ఉబుంటు లాంటి లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో బూట్ చేయండి. ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూసే "ట్రై" ఆప్షన్ మాత్రమే ఎంచుకోండి, అప్పుడు మీ హార్డ్ డిస్క్ జోలికి పోదు. ఇక్కడ విండోస్ లేదు, దాని డ్రైవర్ లేదు, దాని సెట్టింగ్స్ లేవు. మిగిలింది మీ హార్డ్‌వేర్ ఒక్కటే. లైనక్స్‌లో నెట్ గంటల తరబడి నిలకడగా నడిస్తే చిప్ ఆరోగ్యంగా ఉంది, తప్పు విండోస్‌ది. లైనక్స్‌లోనూ అదే తీరులో తెగుతూ ఉంటే, కేబుల్‌నీ స్విచ్‌నీ ముందే తప్పించాం కాబట్టి, ఇక చిప్పో సాకెట్టో పోయినట్టే లెక్క. ఫార్మాట్ కొట్టాలా వద్దా అనే ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. లైనక్స్‌లో కూడా పోర్ట్ పనిచేయనప్పుడు విండోస్ ఫార్మాట్ చేయడం శుద్ధ దండగ.

మా హాస్టల్లో ఒక జూనియర్ డెస్క్‌టాప్ సరిగ్గా ఇలాగే చేసింది. ఆన్ చేశాక అరగంట బాగుంటుంది, తర్వాత దీపం ఆరిపోతుంది. ఒక షాపులో బోర్డు మార్చాలన్నారు. కేబుల్ మార్చి చూశాం, అదే వరస. అదే కేబుల్‌తో పక్క డెస్క్‌టాప్ రాత్రంతా నడిచింది. డ్రైవర్ వెనక్కి తీసుకెళ్ళాం, పవర్ టిక్ తీసేశాం, తేడా లేదు. లైనక్స్‌లో నలభై నిమిషాలకి మళ్ళీ దీపం ఆరింది. అంటే చిప్ వేడెక్కాక చేతులెత్తేస్తోంది. బోర్డు వారంటీ ఎప్పుడో అయిపోయింది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ నెట్ కార్డు ఒకటి కొని పెట్టాం. దీపం వెలిగింది, లింకు 1000 చూపించింది, కానీ నెట్ రాలేదు! అందరం మొహాలు చూసుకున్నాం.

సంగతేంటంటే, ప్రతి నెట్ కార్డుకీ 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఒకటి ఉంటుంది. మా హాస్టల్ నెట్‌వర్క్‌లో రిజిస్టర్ అయిన మ్యాక్ అడ్రస్‌లకే అనుమతి. కార్డు మారింది కాబట్టి అడ్రస్ కూడా మారింది. కొత్తది నెట్‌వర్క్ ఆఫీసులో రాసిచ్చాక మర్నాడు నెట్ వచ్చింది. ఊళ్ళలో కొందరు కేబుల్ నెట్ ఆపరేటర్లు కూడా ఇలా మ్యాక్ కట్టేస్తారు, ఇంట్లో కార్డు మారిస్తే వాళ్ళకో ఫోన్ కొట్టాలి.

నిజంగానే పోతే?

ముందు వారంటీ చూడండి. మదర్‌బోర్డులకి చాలా కంపెనీలు 3 ఏళ్ళ వారంటీ ఇస్తాయి. బిల్లు వెతికి పట్టుకుంటే డబ్బు పెట్టక్కర్లేకుండానే పని కావచ్చు.

వారంటీ లేకపోతే రెండు దారులున్నాయి, రెండూ వెయ్యి రూపాయలకి అటూ ఇటూ తేలేవే. బోర్డు మీద ఖాళీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటే గిగాబిట్ నెట్ కార్డు. క్యాబినెట్ తెరిచేముందు పవర్ కేబుల్ పీకి, లోపలి ఇనుప చట్రాన్ని చేత్తో ఒకసారి తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు అందులోకి పోతుంది. స్లాట్ లేకపోతే, తెరవడం ఇష్టం లేకపోతే యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టర్. దాన్ని యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టండి. యూఎస్‌బీ 2 గరిష్ఠ వేగమే 480 మెగాబిట్లు, గిగాబిట్ అడాప్టర్ కొన్నా అందులో ఫలితం ఉండదు. ఏది పెట్టినా పాత ఆన్‌బోర్డ్ లాన్‌ని బయాస్‌లో డిజేబుల్ చేసేయండి, చచ్చీ చావని చిప్ మధ్యలో అడ్డు తగలకుండా ఉంటుంది.

మన దగ్గర నెట్ పోర్ట్‌లకి పెద్ద శత్రువు పిడుగు. ఈథర్నెట్ ప్రమాణం ప్రకారం పోర్ట్‌లోని ఇన్సులేషన్ 1500 వోల్టుల ఏసీని ఒక నిమిషం తట్టుకోవాలి. దగ్గర్లో పిడుగు పడితే పొడవాటి రాగి తీగలో పుట్టే వోల్టేజీ దాన్ని తేలిగ్గా దాటిపోగలదు. స్తంభం మీంచి డాబా మీదికి, అక్కడ్నుంచి కిటికీలోంచి గదిలోకి రాగి కేబుల్ లాక్కున్న ఇళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ఆ దారి సురక్షితం, కానీ ఫైబర్ డబ్బా నుంచి కంప్యూటర్‌కి వచ్చేది మళ్ళీ రాగే. డబ్బా అడాప్టర్ కరెంటు ప్లగ్గులోనే ఉంటుంది కదా. కాబట్టి ఉరుములు మొదలవకముందే, మబ్బు పట్టగానే, పవర్ ప్లగ్‌తో పాటు నెట్ కేబుల్ కూడా పీకేయండి. యూపీఎస్ ఉందిగా అని ధీమా వద్దు. నెట్ తీగకి విడిగా రక్షణ సాకెట్ ఉన్న యూపీఎస్ అయితే తప్ప అది ఈ దారిని కాయదు.

ఇంత చేశాక కూడా షాపుకి వెళ్ళాల్సి వస్తే తప్పేం లేదు. కాకపోతే ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి. "నెట్ రావట్లేదు అన్నా" అనే బదులు "కేబుల్ మార్చి చూశాను, అదే కేబుల్ వేరే దాంట్లో నడుస్తోంది, లైనక్స్‌లో కూడా నలభై నిమిషాలకి లింకు పోతోంది, నాకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ గిగాబిట్ కార్డు కావాలి" అని చెప్పండి. అప్పుడు బోర్డు మార్చే మాట ఎవరూ ఎత్తరు.